లోక్‌సభకు ముందస్తు: 1971, 1999, 2004 – ఏ దారి మేలు?

ముందస్తు ఎన్నికల ఊసు రాగానే అధికార పార్టీలో ముందు వినబడే మాట, గాలి మనవైపే ఉందని. కానీ అంతకన్నా ముందు చూసుకోవాల్సినవి రెండు. ఇప్పుడే ఎందుకని ఓటరు అడిగితే చెప్పే జవాబు ఒకటి, రాష్ట్రాలవారీ పొత్తుల లెక్క రెండోది.

1971లో ఇందిరా గాంధీ దగ్గర జవాబుంది. 1969లో కాంగ్రెస్ చీలికతో మెజారిటీ పోయి, డీఎంకే, కమ్యూనిస్టుల మద్దతుతో ప్రభుత్వం నడుస్తోంది. మాజీ సంస్థానాధీశులకు ప్రభుత్వమిచ్చే రాజభరణాల రద్దు బిల్లు రాజ్యసభలో వీగిపోయింది. తర్వాత తెచ్చిన ఉత్తర్వును 1970 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ నెలలోనే లోక్‌సభ రద్దయింది. పని చెయ్యనివ్వడం లేదు, బలమివ్వండి అన్న వాదన పల్లెల్లోనూ ఇట్టే అర్థమైంది. 352 సీట్లు వచ్చాయి. అంత గాలిలోనూ తెలంగాణలోని 14 సీట్లలో 10 తెలంగాణ ప్రజా సమితి గెలుచుకుంది. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమం మిగిల్చిన కోపం ముందు ఢిల్లీ నినాదం పనిచెయ్యలేదు.

1999 ఎన్నికలు వాజపేయి కోరి తెచ్చుకున్నవి కావు. అన్నాడీఎంకే మద్దతు ఉపసంహరించుకోవడంతో 269–270 తేడాతో ప్రభుత్వం పడిపోయింది. ఒక్క ఓటుతో పడగొట్టారన్న సానుభూతి, ఆపైన కార్గిల్. అయినా బీజేపీ సొంత సీట్లు 1998లో ఎన్నో 1999లోనూ అన్నే, 182. గట్టెక్కించింది మిత్రులు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌నే చూడండి: 1998లో టీడీపీ, బీజేపీ విడివిడిగా పోటీ చేస్తే టీడీపీకి 12, బీజేపీకి 4, కాంగ్రెస్‌కు 22. మరుసటి ఏడాది కలిసి నిలబడితే 42లో 36 ఆ కూటమివే.

2004లో లోక్‌సభకు ఇంకా అక్టోబరు దాకా గడువుంది. 2003 డిసెంబరులో బీజేపీ మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్ గెలిచిన ఊపులో ఫిబ్రవరి 6న రద్దు చేశారు. అసలు పొరపాటు అక్కడే. అక్కడి కాంగ్రెస్ ప్రభుత్వాల మీద ఓటరుకున్న విసుగును ఢిల్లీ మీద మెప్పుగా లెక్కేశారు. అప్పటికే డీఎంకే బీజేపీ కూటమిని వదిలేసింది. తమిళనాడులో మొత్తం 39 సీట్లూ అవతలి కూటమికే పోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీ, పార్లమెంటు ఓట్లు ఒకే రోజు ఒకే బూత్‌లో పడ్డాయి. కరువు, కరెంటు బిల్లుల మీది కోపం రెండు ఓట్లలోనూ కనబడింది. కాంగ్రెస్, టీఆర్ఎస్, వామపక్షాలు కలవడంతో టీడీపీకి 5 ఎంపీ సీట్లే మిగిలాయి, బీజేపీకి ఒక్కటీ రాలేదు. 1999లో కలిసొచ్చిన లెక్కే తిరగబడింది.

మూడింటిలో మేలైనది 1971 దారే, అదీ సభలో మెజారిటీ లేనప్పుడు. చేతిలో మెజారిటీ ఉంటే గడువు పూర్తి చెయ్యడమే మంచిది. తప్పదనుకుంటే రద్దుకు ముందే ప్రతి రాష్ట్రంలో మిత్రుల సీట్ల పంపకం తేల్చుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వం మీద వ్యతిరేకత ఉన్నచోట అసెంబ్లీ ఎన్నికలను దానితో జత చెయ్యకూడదు.