28 రాష్ట్రాలు ఒంటరిగా: ఏకబిగిన తిరగడం మేలా, విడతలుగా మేలా?

ఇటీవల మిజోరం రాజధాని ఐజ్వాల్ చేరుకోవడంతో దేశంలోని 28 రాష్ట్రాలనూ ఒంటరిగా చూడాలన్న నా కోరిక తీరింది. అప్పటినుంచి తెలిసినవాళ్ళందరూ ఒకే సంగతి అడుగుతున్నారు: ఉద్యోగానికి సెలవు పెట్టి ఏకబిగిన తిరిగి రావడం మంచిదా, ఏడాదికి కొన్ని చొప్పున విడతలుగా వెళ్ళడం మంచిదా అని. నేను రెండు విధాలా ప్రయత్నించాను. మొదట ఒకేసారి పూర్తి చేద్దామని బయలుదేరి మూడు నెలలకే ఇంటికి తిరిగొచ్చాను. తరువాత ఆరేళ్ళపాటు విడతలుగా వెళ్ళి పూర్తి చేశాను. రైలు దాటిన రాష్ట్రాన్ని చూసిన రాష్ట్రంగా లెక్కపెట్టలేదు. దిబ్రూగఢ్ నుంచి విశాఖ, విజయవాడల మీదుగా కన్యాకుమారి వెళ్ళే వివేక్ ఎక్స్‌ప్రెస్ 4,000 కిలోమీటర్లకు పైగా నడిచి తొమ్మిది రాష్ట్రాలను తాకుతుంది, కానీ ఎక్కడా దిగకుండా, రెండు రాత్రులైనా ఉండకుండా వెళ్తే నా దృష్టిలో అది చూడడం కాదు.

ఖర్చు మాటకొస్తే ఏకబిగి యాత్రదే పైచేయి. విడతలుగా వెళ్ళేవారికి ప్రతిసారీ ఇంటినుంచి రానూపోనూ ఛార్జీలు తడిసి మోపెడవుతాయి. హైదరాబాద్ నుంచి గువాహటి చేరడానికే రైలులో దాదాపు రెండు రోజులు పడుతుంది. పైగా ఒక ప్రాంతంనుంచి మరో ప్రాంతానికి భాష, తిండి, ఇళ్ళ కట్టుబడి మెల్లమెల్లగా మారడం నేలమీద వరుసగా ప్రయాణించేవారికే బాగా తెలుస్తుంది. ఆ అనుభవం విడతల్లో దొరకదని ఒప్పుకోవలసిందే.

అయినా నేను విడతలవైపే మొగ్గుతాను. కారణం రుతువులు. దేశమంతటా ఒకేసారి అనుకూలంగా ఉండే నెల ఏదీ లేదు. జూన్‌లో కేరళలో నైరుతి వానలు మొదలవుతాయి. ఆ వానాకాలంలోనే తీస్తా ఒడ్డున సిక్కింకు వెళ్ళే రహదారి కొండచరియలు విరిగిపడి మూతపడుతూ ఉంటుంది. వానలు తగ్గాయని అక్టోబరులో బయలుదేరితే నెల్లూరు తీరంలోనూ తమిళనాడులోనూ ఈశాన్య రుతుపవనాలు, తుపానులు ఎదురవుతాయి. చలికాలంలో అరుణాచల్ ప్రదేశ్‌లోని తవాంగ్ దారిలో ఉన్న సేలా కనుమ మంచుతో నిండుతుంది; మే నెలలో రాజస్థాన్ ఎండలో పగటిపూట బయట తిరగలేము.

తోడున్నవారికి ఇదంతా కొంత అసౌకర్యమే కావచ్చు గానీ, ఒంటరిగా వెళ్ళేవారికి ఆ రుతువులన్నిటి బరువూ ఒకే సంచిలో భుజంమీద పడుతుంది. నా మొదటి యాత్ర మూడో నెలలో బిహార్‌లోని ఒక జంక్షన్‌లో జ్వరంతో రైలు కోసం ఎదురుచూశాను. సంచి జిప్పు తెగిపోయి తాళం పడే వీలు లేకపోవడంతో క్లోక్‌రూమ్‌లో పెట్టడం కుదరలేదు. మరుగుదొడ్డికి వెళ్ళాలన్నా ఆ పద్నాలుగు కిలోల సంచిని వీపునవేసుకునే వెళ్ళవలసి వచ్చింది. అందులో సగం బరువు సేలా కోసమని తెచ్చుకుని, అప్పటిదాకా ఒక్కసారి కూడా మడత విప్పని ఉన్ని స్వెట్టర్లది, జర్కిన్‌ది, బూట్లది. ఆ రాత్రే ఇంటికి టికెట్ తీసుకున్నాను. విడతలుగా వెళ్ళడం మొదలుపెట్టాక నా సంచి ఏనాడూ ఏడు కిలోలు దాటలేదు.

అనుమతుల విషయంలోనూ విడతలే సుఖం. అరుణాచల్ ప్రదేశ్, నాగాలాండ్, మిజోరం, మణిపూర్‌లకు ఇన్నర్ లైన్ పర్మిట్ (బయటి రాష్ట్రాలవారు అక్కడికి వెళ్ళడానికి తీసుకోవలసిన అనుమతిపత్రం) కావాలి, అది నిర్ణీత రోజులకే చెల్లుతుంది. ఆరు నెలల యాత్రలో ఎక్కడో దారి మూసుకుపోయి పది రోజులు ఆలస్యమైతే ఆ తరువాతి తేదీలన్నీ తారుమారవుతాయి. రైలు రిజర్వేషన్లు కూడా 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందుగా మాత్రమే దొరుకుతున్నాయి.

బైకుమీద వెళ్ళడం గురించి కూడా అడుగుతున్నారు. బండి మరమ్మతు స్వయంగా చేసుకోగలిగినవారు వెళ్ళవచ్చు. విమానాల్లో తిరిగితే రోజులు కలిసివస్తాయి గానీ రాజధానులు తప్ప పెద్దగా చూడలేరు.

ఏకబిగినే వెళ్తామనేవారు అక్టోబరు మొదట్లో ఉత్తరాఖండ్‌తో ఆరంభిస్తే మేలు; దీపావళి తరువాత కేదార్‌నాథ్ ఆలయం మూసివేస్తారు. నవంబరు, డిసెంబరుల్లో పంజాబ్, రాజస్థాన్, గుజరాత్‌ల వైపు తిరిగి, జనవరిలో దక్షిణాదికి వచ్చి, ఒడిశా, బెంగాల్‌ల మీదుగా మార్చికి ఈశాన్యం చేరాలి. విడతలుగా వెళ్ళేవారు మాత్రం ఈశాన్యంలోని ఎనిమిది రాష్ట్రాలను ముక్కలు చేయకుండా, వీలైతే నలభై రోజులు ఒకే విడతగా కేటాయించుకోవాలి. గువాహటిలో గది తీసుకుని, అక్కరలేని సామాను అక్కడే వదిలి, షేరింగ్ సుమోల్లో చుట్టుపక్కల రాష్ట్రాలకు వెళ్ళి రావచ్చు. మిజోరంకైతే ఇప్పుడు సుమో కూడా అక్కరలేదు: 2025 సెప్టెంబరులో బైరబీ–సైరాంగ్ రైలు మార్గం ప్రారంభమయ్యాక ఐజ్వాల్ సమీపం దాకా రైలులోనే వెళ్ళవచ్చు.