నిమ్మతోటలో, చిల్లకంపలో చిన్న ట్రాక్టరుకి ముందు గార్డు: ఏళ్ళ వాడకం తర్వాత

ముందే నా తీర్పు చెప్పేస్తాను. చిన్న ట్రాక్టరుతో నిమ్మతోటల్లో, ముళ్ళకంపల్లో తిరిగేవాళ్ళకి ముందు గార్డు, అంటే బానెట్ ముందు నిలబెట్టే ఇనుప చట్రం, ఉండి తీరాలి. చేయించేటప్పుడు మాత్రం ఇనుము లావు చూసి మురిసిపోకండి. పానా పట్టకుండా, ఒక్క మనిషి చేత్తో తెరవగలడా అని చూడండి. నెల్లూరు జిల్లా, మా పొదలకూరు వైపు వెల్డింగు షాపులో చేయించుకున్న గార్డుతో ఇన్నేళ్ళు సేద్యం చేశాక నాకు గట్టిగా తేలిన సంగతి ఇదొక్కటే.

మా బండి 24 హెచ్‌పీ, ఫోర్ వీల్ డ్రైవ్. మహీంద్రా జీవో, కుబోటా నియోస్టార్ ఉంటాయే, ఆ తరగతిది. మూడున్నర అడుగుల వెడల్పు. 20 అడుగుల ఎడంలో నాటిన నిమ్మచెట్ల మధ్య మొదటి నాలుగైదేళ్ళు దానికి అడ్డే లేదు. ఆ తర్వాత రెండు పక్కల నుంచీ కొమ్మలు సాళ్ళలోకి వచ్చేస్తాయి. పైగా మాకు తోట వారనే బీడు, దాని నిండా చిల్లచెట్లు, అదే సర్కారు తుమ్మ. కట్టెల కరువు తీరుతుందని 1870ల్లో మద్రాసు అటవీ శాఖ కడప ప్రాంతానికి తెప్పించిన మొక్క అది. ఇవాళ నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చెరువు కట్ట, కాలవ గట్టు, బీడు ఏదీ వదలకుండా పాకింది. నరికితే మొదట్లోంచి మళ్ళీ గుత్తిగా పిలకలేస్తుంది. ఏటా ఆ పిలకల్ని రోటవేటరుతో (ట్రాక్టరు వెనక తిరిగే బ్లేడ్లతో దున్నే పనిముట్టు) అణచకపోతే తోటలోకి నడిచొస్తుంది.

ఈ పనిలో మొదట దెబ్బతినేవి హెడ్‌లైటు అద్దాలు. తర్వాత బానెట్ ముందున్న జాలీ. అన్నిటికంటే ఖరీదైన దెబ్బ రేడియేటరుది. వేలు లావు ఎండుకొమ్మ జాలీలోంచి దూరి రేకుల మధ్య ఉండే నీళ్ళ గొట్టాన్ని పొడిచినా చాలు, నీళ్ళు కారడం మొదలవుతుంది. బజార్లో అమ్మే ట్రాక్టరు బంపర్లు చాలా చూశాను. చూడ్డానికి బాగుంటాయి. కానీ అవన్నీ కిందనే ఉంటాయి. గోడకో ట్రాలీకో తగిలితే కాపాడతాయి గానీ ఛాతీ ఎత్తులో ఎదురొచ్చే కొమ్మకి అడ్డు పడవు. అందుకే చేయించుకోవాల్సి వచ్చింది.

ఇనుము సంగతి. వెల్డింగు కుర్రాడు, "యాంగులర్ అయితే తొందరగా అయిపోద్దన్నా" అన్నాడు. యాంగులర్ అంటే ఎల్ ఆకారపు ఇనుము. నేను పైపే కావాలన్నాను. ఒకటింబావు అంగుళం, బి క్లాస్ (మధ్యరకం మందం) పైపు. మీటరు 3 కిలోల పైచిలుకు తూగుతుంది. రెండు నిలువు కాళ్ళు, వాటిని కలుపుతూ మూడు అడ్డపైపులు, కాళ్ళ పైకొసలు బానెట్ వైపు వెనక్కి వంచి ఉంటాయి. మధ్యలో 12 ఎంఎం కడ్డీలు, వాటి మీద అరంగుళం కన్నాల వెల్డ్ మెష్. అంతా కలిపి నలభై కిలోలకు అటూ ఇటూ. కిలో లెక్కన కట్టాం.

పైపు మీద పట్టుబట్టింది నిమ్మచెట్టు కోసం. యాంగులర్ అంచు కొమ్మ బెరడుని చెక్కేస్తుంది. ఆ గాయం మీద వాన పడితే గజ్జి తెగులుకి తలుపు తీసినట్టే. గుండ్రటి పైపు మీద కొమ్మ జారి పక్కకు పోతుంది. కాయ రాలడమూ తగ్గుతుంది. బండిని కాపాడుకుంటూ చెట్టుని పాడు చేసుకుంటే ఇక గార్డు ఎందుకు? ఈ ఒక్క విషయంలో షాపువాళ్ళ మాట వినొద్దని తోటలున్న ప్రతి ఒక్కరికీ చెబుతుంటాను.

బిగించడానికి బండి మీద ఎక్కడా వెల్డింగు పెట్టనివ్వలేదు. ముందు బరువులు తగిలించే బ్రాకెట్టుకి కంపెనీ వేసిన రంధ్రాలు ఉంటాయి. 10 ఎంఎం ప్లేటు కోయించి, ఆ రంధ్రాలకే 8.8 గ్రేడు గట్టి బోల్టులతో బిగించాం. ముందు ఇరుసుని పట్టి ఉంచే ముందు సపోర్టు చాలా బళ్ళకి పోత ఇనుము. దాని మీద మామూలు రాడ్డుతో వెల్డింగు పెడితే పక్కనే బీట వస్తుంది. కొలతల కోసం గార్డును బండి మీదే పెట్టి టాకా (తాత్కాలికంగా చుక్క వెల్డింగు) వేయాల్సి వస్తే, బ్యాటరీ నెగటివ్ తీగ ముందు ఊడదీయండి. ఎర్త్ క్లిప్పు గార్డుకే పట్టించండి, బండికి కాదు.

ఇక అసలు విషయం. గార్డు కింది రెండు కొసలు ప్లేటుకి అతికించిన బుష్షుల్లో (పిన్ను దూర్చే ఇనుప గొట్టాల్లో) పిన్నుల మీద ఆడతాయి. పైన రెండు వైపులా పిన్నులు. వెనక పనిముట్లు తగిలించే త్రీపాయింట్ లింకులకి వాడే పిన్నులే, రింగు క్లిప్పుతో సహా. అవి లాగితే గార్డు ముందుకి పడుకుంటుంది, బానెట్ పూర్తిగా లేస్తుంది. ఇది ఎందుకింత ముఖ్యమంటే, చిల్లాకు చింతాకులా సన్నం. అరంగుళం మెష్‌లోంచి సులువుగా జారిపోయి రేడియేటరు ముందున్న తెర మీద పేరుకుంటుంది. ఎండిన వయ్యారిభామ కలుపు పూల పొట్టు అంతకన్నా మొండిది, తడి తగిలితే అట్ట కట్టేస్తుంది. అంత సన్నటి చెత్త కూడా లోపలికి పోకూడదని గార్డుకే దోమతెర లాంటి జాలీ వేయిస్తే అది ఇంకా తొందరగా మూసుకుపోయి గాలి అందదు. కాబట్టి గార్డు కొమ్మల్ని ఆపాలి, పొట్టుని మనం తీయాలి. మే నెల ఎండలో బీడు దున్నేటప్పుడు గంటకోసారి దిగి, గార్డు వంచి, తెర లాగి దులుపుతాం. టెంపరేచర్ ముల్లు పైకి పోవడం మొదలెట్టాక దిగితే ఆలస్యమైనట్టే. ఇదే గార్డు నాలుగు బోల్టులతో బిగించి ఉంటే ఆ ఎండలో పానా తెచ్చి విప్పేది ఎవరు? డ్రైవరు విప్పడు, నేనూ విప్పను, ఇంజను వేడెక్కిపోతుంది. సాయంత్రం ఇంటికి వచ్చాక గాలి కొట్టేటప్పుడు ఫ్యాను వైపు నుంచి బయటికి కొట్టాలి. ఎదురుగా కొడితే పొట్టు రేకుల మధ్య ఇంకా లోపలికి దిగుతుంది. నీళ్ళ ప్రెషరు దగ్గర పెట్టి కొట్టారంటే రేకులే వంగిపోతాయి.

వాడకంలో బయటపడ్డ లోపాలూ చెప్పాలి. చిన్న ఇంజను అదురు ఊరికే పోదు. బుష్షుని ప్లేటుకి అతికించిన చోట వెల్డింగు మొదట్లోనే చిట్లింది. మూలకి ముక్కోణపు పట్టీ వేసి మళ్ళీ అతికించాక ఇంతవరకు కదల్లేదు. కింది బుష్షులు అరిగి రంధ్రం కోలగా అయింది, గార్డు గడగడమనేది. పాత ట్యూబు ముక్క కోసి పిన్ను దగ్గర వేస్తే చప్పుడు ఆగింది గానీ, బుష్షు మార్చాల్సిందే. గ్రీజు నిపుల్ పెట్టించి ఉంటే ఇన్నాళ్ళూ అరిగేది కాదు, కొత్తగా చేయించేవాళ్ళు తప్పక పెట్టించండి. పైపు కొసలకి మూతలు అతికించి, అడుగున చిన్న రంధ్రం వదలాలి. లేకపోతే నీరు నిలిచి లోపలి నుంచే తుప్పు తినేస్తుంది.

ముందు బరువు పెరగడం మాకు లాభమే అయింది. వెనక రోటవేటరు ఎత్తుకుని గట్టెక్కేటప్పుడు ముక్కు లేవడం బాగా తగ్గింది. మాది పవర్ స్టీరింగు కాబట్టి బరువు చేతికి తెలియదు. మామూలు స్టీరింగు బండికైతే తెలుస్తుంది. ముందు ఇరుసుకి గ్రీజు కాస్త ముందుగా పెడుతున్నాం.

ఒక హెచ్చరిక. గార్డు ఉంది కదా అని నిలబడ్డ చెట్టుని తోయకండి. చిన్న ట్రాక్టర్లలో ముందు సపోర్టు నేరుగా ఇంజను బ్లాకుకే బోల్టులతో పట్టి ఉంటుంది. ఛాతీ ఎత్తులో తోసిన బలమంతా చివరికి ఆ బోల్టుల మీదకే వస్తుంది. మణికట్టు లావు దాటిన మొద్దు జేసీబీ పని. అలాగే బానెట్ మీదుగా జారిన కొమ్మ వెనక్కి కొట్టేది డ్రైవరు ముఖానికే. కళ్ళద్దాలు, తలగుడ్డ లేకుండా మా ఇంట్లో ఎవర్నీ తోటలోకి బండి ఎక్కనివ్వను. టైర్లలో దిగే చిల్లముళ్ళకి కూడా గార్డు ఏమీ చేయలేదు. నరికిన కంపని ముందు పక్కకి లాగేసి ఆ తర్వాతే బండి దింపాలి.

రోడ్డు మీద సంగతి. వాహనాలకి అనుమతి లేకుండా క్రాష్ గార్డులు, బుల్ బార్లు బిగించడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనుకి విరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు రాసింది. పాదచారులకి, ఎదుటి బండివాళ్ళకి దాంతో ప్రమాదం, ఆ మాట నిజమే. అందుకే పొదలకూరు నిమ్మకాయల మార్కెట్టుకి బండి తీసేటప్పుడు పైపిన్నులతో పాటు కిందివీ లాగేసి గార్డుని షెడ్డులో పెట్టేస్తాం. ఇద్దరు పట్టుకుంటే అయిదు నిమిషాల పని.

చేయించబోయేవాళ్ళు షాపుకి వెళ్ళే ముందు ఒక కొలత తప్పక తీసుకోండి. ముందు ఇరుసు మధ్యలో పిన్ను మీద ఊగుతుంది. ఒక ముందు చక్రం కింద ఇటుకలు పేర్చి ఎత్తి, స్టీరింగు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తిప్పి, టైరు ఎంతవరకు వస్తుందో సుద్దతో గుర్తు పెట్టుకోండి. రెండో చక్రానికీ అలాగే చూడండి. సమంగా ఉన్న నేల మీద కొలిస్తే ఖాళీ ఎక్కువ కనిపిస్తుంది, గట్టు ఎక్కేటప్పుడు టైరు పైపుకి రాసుకుంటుంది. ఆ గుర్తుకి రెండంగుళాలు బయటికి ఉంచి కాళ్ళు నిలబెట్టమని చెప్పండి.