గడ్డి బోటర్ టోపీ ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు డబ్బు పంపే ముందు ఇది చదవండి

మాది హనుమకొండ. మా బాపు కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసి రిటైర్ అయ్యారు. పాత మూకీ హాస్యచిత్రాలంటే ఆయనకు ప్రాణం. గుండ్రటి కళ్లద్దాలు, నెత్తిన బల్లపరుపుగా ఉండే గడ్డి టోపీతో హాలీవుడ్ హాస్యనటుడు హెరాల్డ్ లాయిడ్ కనిపిస్తే చాలు, చిన్నపిల్లాడిలా నవ్వుతారు. బోటర్ అంటే అదే. అలాంటి టోపీ పెట్టుకుని పబ్లిక్ గార్డెన్‌లో వాకింగ్ చేయాలని ఆయనకు ఎన్నేళ్లుగానో ఆశ. ఈ మార్చిలో ఆయన డెబ్బయ్యో పుట్టినరోజుకు అదే కొనివ్వాలనుకున్నాను.

హనుమకొండ చౌరస్తాలో, వరంగల్ జేపీఎన్ రోడ్డులో తిరిగాను. క్రికెట్ టోపీలు, బీచ్ టోపీలు చూపించారు గానీ బోటర్ ఎక్కడా దొరకలేదు. చివరికి ఇన్‌స్టాలో ఒక పేజీ కనబడింది. ఫోటో చూస్తే కళ్లు తిప్పుకోలేం. బంగారు రంగు గడ్డి, నీలం రిబ్బను, కత్తితో కోసినట్టు బల్లపరుపు అంచు. ‘ఒరిజినల్ స్ట్రా, ఫ్రీ సైజ్’ అని రాశారు. ధర 2,400 రూపాయలు, డబ్బు ముందే యూపీఐ చేయాలన్నారు. చేశాను.

తొమ్మిది రోజులకు పార్సిల్ వచ్చింది. అట్టపెట్టె కూడా లేదు, ఉత్త ప్లాస్టిక్ కవరు. అంచు ఒక పక్కన మడత పడి ఉంది. చేత్తో తడిమితే అది గడ్డి కాదు, కాగితాన్ని సన్నగా పురి పెట్టి అల్లినది. బాపు మాత్రం నేను బాధపడతానని ఏమీ అనకుండా పెట్టుకున్నారు. మూడో రోజు వాకింగ్ నుంచి వచ్చేసరికి చెమటకు రిబ్బను రంగు కారి నుదురంతా నీలంగా ఉంది. టోపీ బిగుతుకు నుదుటి మీద ఎర్రగా వాత తేలింది. ‘ఏం కాదు బిడ్డా, కడిగితే పోతది’ అన్నారు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది.

ఆ తర్వాత కూర్చుని తెలుసుకున్నవి చెబుతున్నాను. మీరు కొనకముందే తెలుసుకోండి.

అసలు బోటర్‌ను గడ్డి జడలతో చేస్తారు. గోధుమ గడ్డి లాంటివాటిని పట్టీలుగా అల్లి, నడినెత్తి నుంచి మొదలుపెట్టి చుట్లు చుట్లుగా కుడతారు. తర్వాత లక్కతోనో వార్నిష్‌తోనో గట్టిపరుస్తారు. అందుకే వేలితో కొడితే చెక్క మీద కొట్టినట్టు టక్‌మని మోగుతుంది. మాకొచ్చింది అట్టలా వంగింది. కాగితం టోపీ చెడ్డదని నేననను. ఒక్కరోజు ఫోటోషూట్‌కో, పిల్లల నాటకానికో తక్కువ ధరకు దొరికితే సరిపోతుంది. కాగితాన్ని గడ్డి అని చెప్పి 2,400 గుంజడమే మోసం.

ఇక ‘ఫ్రీ సైజ్’ అన్న మాట కనబడితే ఆ పేజీ మూసేయండి. గుడ్డ టోపీ సాగుతుంది, బోటర్ సాగదు. దాని గట్టిదనం వల్ల అర సెంటీమీటరు తేడా కూడా నొప్పి పెడుతుంది. కనుబొమ్మలకు పైన, చెవుల మీదుగా టేపు చుట్టి తల కొలత తీసుకోండి. మా బాపుది 59 సెంటీమీటర్లు. వచ్చిన టోపీ కొలిస్తే 56. కాస్త వదులుంటే లోపలి పట్టీ వెనక మడిచిన కాగితం పెట్టుకోవచ్చు. బిగుతైతే చేసేదేమీ లేదు.

అమ్మేవాళ్లను టోపీ లోపలి వైపు ఫోటో అడగండి. కుట్టు చుట్లు, చెమట పట్టీ అందులోనే తెలుస్తాయి. వేలితో కొడుతూ చిన్న వీడియో పంపమనండి. సరుకు నిజంగా చేతిలో ఉన్నవాళ్లకు అది రెండు నిమిషాల పని. నేను కొన్న పేజీ ఫోటోను ఆలస్యంగా గూగుల్ లెన్స్‌లో పెట్టి చూస్తే, అదే ఫోటో వేర్వేరు పేర్లతో ఇంకో నాలుగు పేజీల్లో ఉంది. అందుకే పేజీ పేరు కంటే ఫోటోనే గుర్తుపెట్టుకోండి.

వాపసు అడిగితే ముందు ‘అన్‌బాక్సింగ్ వీడియో ఉందా’ అన్నారు, అంటే పార్సిల్ విప్పేటప్పుడు తీసిన వీడియో. అదృష్టం కొద్దీ మా చెల్లె తీసింది. పంపిన గంటకు నన్ను బ్లాక్ చేశారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు వాపసు నియమాలు, సరుకు ఏ దేశంలో తయారైందో ముందే చెప్పాలని 2020 ఈ-కామర్స్ నియమాల్లో ఉంది. ఆ పేజీలో రెండూ లేవు. హెల్ప్‌లైన్‌లో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. కాబట్టి స్క్రీన్‌షాట్లు, యూపీఐ రసీదు, కవరు మీది అడ్రసు చింపకుండా దాచుకోండి.

మంచి బోటర్ దొరికినవాళ్లకు కూడా ఒక మాట. మన ఎండలో కారులో వదిలేయకండి, వేడికి లక్క మెత్తబడి ఆకారం పోతుంది. వానలో తడవనీయకండి. తీసేటప్పుడు పైభాగం నొక్కి పట్టకుండా అంచు పట్టుకుని తీయండి, గడ్డి పెళుసు. నెత్తిన సమంగా, కొంచెం ముందుకు పెట్టుకుంటేనే అందం. అంచు చిన్నది కాబట్టి మెడకు నీడ రాదు, మిట్టమధ్యాహ్నం మన రుమాలే నయం.

బాపు కోసం మళ్లీ వెతుకుతున్నాను. ఈసారి 59 సెంటీమీటర్ల టోపీకి లోపలి ఫోటో పంపినవాళ్లకే, సరుకు ఇంటికొచ్చాకే డబ్బు. నన్ను మోసం చేసినవాళ్లు నిన్న అదే నీలం రిబ్బను ఫోటో మళ్లీ పెట్టారు. ధర 1,999కి తగ్గించారు.