బరంపురంలో పాత వీడియో క్యాసెట్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే షాపు: 5కి మూడున్నర

గేట్ బజార్ వైపు చిన్న షాపు, పేరు రాయను, కుర్రాళ్ళు మంచోళ్ళే గానీ ఒక తేడా జరిగింది అది చెప్పాలి. మా అమ్మ దగ్గర శంకరాభరణం వీహెచ్ఎస్ ఉంది, అద్దె షాపు ఎత్తేసినప్పుడు నాన్న కొన్నది, "రివైండ్ చేసి ఇవ్వవలెను" అన్న స్టిక్కర్ ఇంకా ఊడలేదు. యూట్యూబ్‌లో ఉంది కదా అంటారు, ఆ మాట మా అమ్మతో చెప్పి చూడండి.

టేపుకి పట్టిన బూజు బాగా తుడిచారు, రంగులు కూడా పర్లేదు. టేపు ఎంతసేపు ఆడితే పని అంతసేపూ పడుతుంది, దీంట్లో షార్ట్‌కట్ లేదు, కాబట్టి గంటలో ఇచ్చేస్తాం అంటే నమ్మకండి.

గొడవంతా సౌండ్‌తోనే. నాయిస్ మొత్తం తీసేశాం ఆజ్ఞా (ఒడియాలో అండీ అన్నట్టు) అని షాపు కుర్రాడు గొప్పగా చెప్పాడు, ఇంటికొచ్చి పెడితే పాటలు గలగలా వస్తున్నాయి, మాటలొచ్చేసరికి సినిమాలో హీరో శంకరశాస్త్రిగారు సగం మింగేస్తున్నారు. చివరి కచేరీలో ఊపిరందక పాట ఆగిపోయే చోట ఆ ఆయాసమే వినపడట్లేదు, ఊరికే నోరు తెరిచి మూస్తున్నట్టుంది. అరే పాటలు బాలుగారివి, ఆ సినిమాలో శాస్త్రిగారి వేషం వేసిన జె.వి. సోమయాజులు గారి సొంతం అంటే ఆ నడక, ఆ చూపు, గొంతు దించి చెప్పే ఆ నాలుగు మాటలూనూ, అవే పోతే ఇంకేం మిగిలింది?

ఆయన మనకి పక్కూరాయన లెక్కే, శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారంలో పుట్టారు. తమ్ముడు రమణమూర్తి గిరీశం, ఈయన రామప్పపంతులు, అలా ఏళ్ళ తరబడి కన్యాశుల్కం ఆడారు. రామప్పపంతులంటే నోరు మూతపడని కోతలరాయుడు, ఆ వేషం కట్టిన మనిషే డిప్యూటీ కలెక్టరు ఉద్యోగంలో ఉంటూ 50 దాటాక 1980లో శంకరశాస్త్రిగా అంత తక్కువ మాట్లాడి నిలబెట్టాడంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే, ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ నటుడు ఊరికే రాలేదు. అదే ఏడాది బాపు వంశవృక్షం, మరుసటేడు త్యాగయ్య. ఆ తర్వాత సినిమావాళ్ళు ఆయన్ని పంచె, కండువా, పెద్దమనిషి తరహా దాటి ఎక్కువ బయటికి రానివ్వలేదు, ఆ రామప్పపంతులు చమత్కారం వెండితెరకి పెద్దగా అందలేదని నా ఏడుపు. 2004లో పోయారు.

సరే షాపు సంగతి. మళ్ళీ వెళ్ళి అడిగితే విషయం తెలిసింది, కంప్యూటర్ దగ్గర కూర్చునే అబ్బాయికి తెలుగు రాదు, ఒడియా అబ్బాయి, అతనికి టేపు బుస్సుమనే చప్పుడూ శాస్త్రిగారి మెల్లటి మాటా ఒకటే, ఫిల్టర్ ఫుల్లుగా పెట్టేశాడు. పైగా బొమ్మని అడ్డంగా సాగదీసి టీవీ నిండా చేశాడు, శాస్త్రిగారు పహిల్వాన్‌లా అయిపోయారు. ఓనరుకి మాత్రం తెలుగు బాగా వచ్చు, గొణగకుండా డబ్బులు తీసుకోకుండా మొత్తం మళ్ళీ ఎక్కించి ఇచ్చాడు, ఇప్పుడు బుస్సు ఉంది, మాటా ఉంది, అమ్మకి అదే కావాలి.

క్యాసెట్‌కి 400 తీసుకున్నారు, పెన్‌డ్రైవ్ మనదే. ఇచ్చేటప్పుడే రెండు చెప్పండి, సౌండ్ ముట్టుకోవద్దు, బొమ్మ సాగదీయొద్దు. డబ్బులిచ్చే ముందు అక్కడే ఒక మాటల సీను పెట్టించుకుని వినండి, పాట పెట్టి చూపిస్తే ఒప్పుకోకండి.