మాక్రో ఎకనామిక్స్‌లో ముందు ఏది పట్టుకోవాలి: ఎల్ఎమ్ గీతా, రెపో రేటా?

మా బరంపురం ఎకనామిక్స్ పిల్లలు ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా మాట్లాడతారు, పరీక్ష ఇంగ్లిష్‌లో రాస్తారు. ఇన్ని భాషలొచ్చినా ఎల్ఎమ్ గీత (దేశంలో ఆదాయం ఎంతుంటే డబ్బుకు వడ్డీ ఎంత దగ్గర తేలుతుందో చూపే గీత) దగ్గరికొచ్చేసరికి చాలామంది ఆగిపోతారు. "అన్నా, దీన్ని బట్టీ పట్టేయనా?" అని మా వీధి కుర్రాడు అడిగాడు. పట్టొచ్చు. గీత ఎందుకు జరిగిందని అడిగితే మాత్రం దొరికిపోతాడు.

వడ్డీ, ఆదాయం ఎలా తేలతాయో నేర్చుకునే దారులు రెండున్నాయి. మొదటిది: 1936లో ఆర్థికవేత్త కీన్స్ చెప్పినదాన్ని మరో ఆర్థికవేత్త హిక్స్ మరుసటి ఏడాదే రెండు గీతల్లో ఇమిడ్చాడు, ఖర్చుది ఐఎస్, డబ్బుది ఎల్ఎమ్. అందులో కేంద్ర బ్యాంకు డబ్బు సరఫరాను ఒక చోట నిలుపుతుంది, వడ్డీ దానంతటదే తేలుతుంది. రెండో దారిలో వడ్డీని (మన దగ్గర రెపో రేటు, అంటే రిజర్వ్ బ్యాంకు మిగతా బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ) కేంద్ర బ్యాంకే నిర్ణయిస్తుంది, డబ్బు దాని వెనక నడుస్తుంది. ధరలూ ఉత్పత్తీ చూసి వడ్డీ ఎంత పెట్టాలో చెబుతూ 1993లో ఆర్థికవేత్త టేలర్ రాసిన సూత్రంతో ఈ పద్ధతికి బలమొచ్చింది.

తేడా ఎక్కడుందో ఒక లెక్క వేసి చూడండి. ప్రతి అదనపు రూపాయిలో 80 పైసలు ఖర్చు పెడతారనుకుంటే మల్టిప్లయర్ 5, అంటే ఖర్చు ఒక రూపాయి మారితే ఆదాయం ఐదు రూపాయలు మారుతుంది. ఖర్చు వైపు: ఆదాయం = 2000 − 100 × వడ్డీ. డబ్బు వైపు: 0.5 × ఆదాయం − 50 × వడ్డీ = 600. రెండూ కలిసేది వడ్డీ 4, ఆదాయం 1600 దగ్గర.

ఇప్పుడు 2020 లాక్‌డౌన్ తలుచుకోండి. సూరత్ మరమగ్గాలు ఆగాయి, అక్కడ పనిచేసే మా గంజాం జిల్లా కూలీలు ఇళ్లకు వచ్చేశారు, ఇంటికి డబ్బు పంపేవాళ్లే లేరు. లెక్కలో ఖర్చు 30 తగ్గిందనుకుందాం (ఈ మోడల్ దేశానిది, జిల్లాది కాదు, ఉదాహరణకే చెబుతున్నా). వడ్డీ 4 దగ్గరే ఉంటే ఆదాయం 150 పడి 1450 అవుతుంది. ఎల్ఎమ్ లెక్కలో అలా కాదు. ఆదాయం తగ్గితే చేతిలో ఉంచుకోవాల్సిన డబ్బూ తగ్గుతుంది కాబట్టి వడ్డీ 3.25కి దిగుతుంది, ఆదాయం 1525 దగ్గర ఆగుతుంది. ఎవరూ ఏమీ చెయ్యకుండానే దెబ్బ సగానికి సగం తగ్గింది.

నిజంగా జరిగింది వేరు. ఎవరో ఒకరు కూర్చుని నిర్ణయించాల్సి వచ్చింది. రిజర్వ్ బ్యాంకు 2020 మార్చి 27న రెపోను 5.15 నుంచి 4.40కి, మే 22న 4.00కి దించింది. ధరలు మండుతున్నాయని 2022 మేలో మళ్లీ 4.40కి పెంచింది, 2023 ఫిబ్రవరికి 6.50కి చేర్చింది. 2016 నుంచి చట్టప్రకారం దాని లక్ష్యం ధరల పెరుగుదలను 4 శాతం దగ్గర, అటూ ఇటూ 2 శాతంలోపు ఉంచడం, వడ్డీ నిర్ణయం ఆరుగురి కమిటీది. న్యూస్ పేపర్లో చదివేదీ, ఈఎంఐలో తగిలేదీ ఈ వడ్డీయే. అందుకే అర్థం కావాలంటే ముందు రెండో దారి పట్టుకోమంటాను.

దానిలోనూ ఒక గోతి ఉంది. ఖర్చు గీతకు కావాల్సింది నిజ వడ్డీ, అంటే వడ్డీలోంచి ధరల పెరుగుదల తీసేస్తే మిగిలేది. రెపో 4 ఉండి, ధరలు ఏడాదిలో 6 శాతం పెరుగుతాయని జనం అనుకుంటే అది మైనస్ 2. పిల్లలు దీన్ని మర్చిపోయి రెపోనే నేరుగా గీతలో పెట్టేస్తారు. ఎల్ఎమ్‌నూ పారెయ్యకండి. కేంద్ర బ్యాంకు డబ్బు సరఫరాను కదపకుండా ఉంటే ఏమవుతుందో చూపించేది అదే, పైగా పరీక్షలో అడిగేదీ అదే. హిక్స్ కూడా తర్వాత దాన్ని క్లాసులో వాడుకునే పనిముట్టు కిందే లెక్కేశాడు.

కొందరు 1956 నాటి రాబర్ట్ సోలో వృద్ధి మోడల్‌తో (దేశ ఆదాయం ఏళ్ల తరబడి ఎలా పెరుగుతుందో చెప్పేది) మొదలుపెట్టమంటారు. గంజాం కుర్రాళ్లు ఏళ్ల తరబడి సూరత్ ఎందుకు వెళ్తున్నారని అడిగితే పై రెండింటికన్నా అదే కాస్త జవాబిస్తుంది. సెమిస్టర్‌లో తొందర ఉంటే మాత్రం దాన్ని తర్వాత చూసుకోవచ్చు.

మా కుర్రాణ్ని ఖర్చు 30 పెరిగితే ఏమవుతుందో వేసి తెమ్మన్నాను. వడ్డీ 4.75, ఆదాయం 1675 అని రాసుకొచ్చాడు. పక్కన నేను అడక్కుండానే పెన్సిల్‌తో 1750 అని రాసి, కింద చిన్న అక్షరాల్లో "రిజర్వ్ బ్యాంకు వడ్డీ కదపకపోతే" అని పెట్టాడు.