తెలుగు డీటీపీకి లిబ్రెఆఫీస్ రైటర్ పనికొస్తుందా?

మాలకొండలో శనివారం అన్నదానానికి కరపత్రం చేస్తున్నారనుకోండి. పైన 'శ్రీ మాల్యాద్రి లక్ష్మీనరసింహస్వామి' అని రామభద్ర ఫాంటులో పెద్దగా కొట్టి చూస్తే ఏ ఎడిటర్ తెలుగుకి పనికొస్తుందో ఆ ఒక్క లైనులోనే తేలిపోతుంది. క్ష కింద మ వత్తు, దాని పైన గుడిదీర్ఘం, పక్కనే ద్రి, స్వా. లిబ్రెఆఫీస్ ప్యాకేజీలో వర్డ్ లాంటి ప్రోగ్రాం అయిన రైటర్‌లో ఇవన్నీ చక్కగా కూర్చుంటాయి. 2017లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి విండోస్‌లోనైనా లినక్స్‌లోనైనా అక్షరాలు పేర్చే పని హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్ భాగానిదే కాబట్టి, సిస్టమ్ మారినా వత్తులు చెదరవు. పైగా రూపాయి ఖర్చు లేదు.

తెర మీద ఉన్నట్టే కాగితం మీద రావాలన్నది 1974లో జెరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రం పార్క్‌లో బట్లర్ లాంప్సన్, చార్లెస్ సిమోనీ వాళ్లు చేసిన బ్రావో అనే ఎడిటర్‌తో మొదలైంది. ఆ తర్వాత కూడా మన దగ్గర వర్డ్‌స్టార్ అనే పాత టైపింగ్ ప్రోగ్రాం మీద చేసినవాళ్లు పేజీ మారాలంటే '.పీఏ' అని కొట్టి, ప్రింట్ వచ్చేదాకా ఎదురుచూశారు. ఇప్పుడు ఆ బాధ లేదు.

కానీ తెర మీద కనిపించినది ఫాంటు ఉన్నంతవరకే నిజం. కందుకూరులో మేం చేసిచ్చిన ఫైలు ఇంకో ఊరి ప్రెస్సులో తెరిస్తే అక్కడ ఆ ఫాంటు లేక హెడ్డింగ్ వేరే అక్షరాల్లోకి మారిపోయింది, కింది లైను రెండో పేజీకి జారింది, దాతల పేర్లలో ఆఖరి రెండూ అక్కడికే పోయాయి, చూసుకోకుండా అలాగే కొట్టేశారు. పేరు రాని దాతకి ఏం సమాధానం చెప్తాం? అందుకే ఫైల్, ప్రాపర్టీస్, ఫాంట్ ట్యాబ్‌లోకెళ్లి ఫాంటు ఫైల్లోనే కలిసిపోయేలా ఎంబెడ్ టిక్ పెట్టండి, ప్రెస్సుకి మాత్రం పీడీఎఫ్ మాత్రమే ఇవ్వండి.

కొత్తవాళ్లు తికమకపడే చోటు ఒకటుంది. స్టైల్స్‌లో తెలుగు ఫాంటుకి విడిగా కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ అనే గడి ఉంటుంది, దాన్ని వదిలేసి పైగడిలో మండలి ఫాంటు పెట్టుకుంటే ఇంగ్లీషు అక్షరాలే మారతాయి, తెలుగు కదలదు. ముందు ఆప్షన్స్‌లో లాంగ్వేజెస్ కింద కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ టిక్ పెట్టుకుంటేనే ఆ గడి కనిపిస్తుంది.

బ్లాక్ అండ్ వైట్ కరపత్రాలు, సంఘం లెటర్‌హెడ్లు, అర్జీలు, చిన్న పుస్తకాలకి నేను కళ్లు మూసుకుని ఇదే వాడమంటాను. నాలుగు రంగుల పెళ్లి పత్రికలకి మాత్రం వద్దు. ఆఫ్‌సెట్‌కి కావాల్సిన సీఎంవైకే (నాలుగు ప్రింటింగ్ రంగుల) పీడీఎఫ్ ఇందులో రాదు, ఆ పనికి స్క్రైబస్ అనే పేజీ డిజైన్ ప్రోగ్రాం చూడండి, అదీ ఉచితమే.