ఆర్‌వీ కొనేముందు పికప్ తలుపు తెరిచి చూడండి

అమెరికాలో ట్రావెల్ ట్రైలర్లు, అంటే పికప్ వెనక తగిలించి లాగే చక్రాల ఇళ్లు (ఆర్‌వీల్లో ఒక రకం) అమ్మే చోట తరచూ వినపడే మాట ఒకటుంది: "మీ పికప్ దీన్ని హాయిగా లాగేస్తుందండీ." ఆ మాట నమ్మి కొన్న కుటుంబాలు మొదటి కొండ దారిలోనే బిక్కచచ్చిపోవడం క్యాంప్‌గ్రౌండ్లలో మామూలు సంగతి. ఇది నిజంగా కోపం తెప్పించే విషయం, ఎందుకంటే అమ్మేవాళ్లు చూపించేది టో రేటింగ్, అంటే బండి లాగగల బరువు ఒక్కటే. బ్రోషర్‌లో పెద్దక్షరాలతో ఉండే 9,000, 11,000 పౌండ్ల అంకె అదే. కుటుంబంతో వెళ్లే బండిలో చాలాసార్లు ముందుగా అయిపోయేది మాత్రం పేలోడ్, అంటే పికప్ తన మీద మోయగల బరువు. అది తెలియాలంటే డ్రైవర్ తలుపు తెరవాలి. తలుపు పక్క స్తంభం మీద పసుపు తెలుపు స్టిక్కర్ ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు మించకూడదని దాని మీద ఉంటుంది. ఒకే మోడల్‌లో సన్‌రూఫ్, ఫోర్‌వీల్ డ్రైవ్, ఖరీదైన సీట్లు ఉన్న బండికీ లేని బండికీ ఆ అంకె వందల పౌండ్లు తేడా వస్తుంది. పక్కింటివాళ్ల పికప్ లాగింది కదా అని మనది లాగుతుందన్న భరోసా లేదు.

లెక్క కట్టి చూడండి. స్టిక్కర్ మీద 1,550 పౌండ్లు ఉందనుకుందాం. నీళ్లు, గ్యాస్, వంట సామాను, బట్టలు ఎక్కించాక ట్రైలర్ 7,000 పౌండ్లు తూగింది. ట్రైలర్ ముందు కొస హిచ్ (పికప్ వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద మోపే బరువు, అంటే టంగ్ వెయిట్, మొత్తంలో 10 నుంచి 15 శాతం ఉండాలి. 13 శాతం వేసుకున్నా 910 పౌండ్లు. ఆ బరువును ముందు చక్రాలకూ పంచే బార్లున్న వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ సామగ్రి ఇంకో 90. అక్కడికే 1,000 పోయింది. మిగిలిన 550లో భార్యాభర్తలూ ఇద్దరు పిల్లలూ కలిసి 500 అయితే చేతిలో ఉన్నది 50. చిన్న ఇన్వర్టర్ జనరేటర్ ఒక్కటే దాదాపు అంత ఉంటుంది. ఇక సైకిళ్లు, కూలర్, కుక్కపిల్ల ఎక్కడ పెడతారు? ఇదే పికప్ టో రేటింగ్ 10,000 ఉండొచ్చు, అమ్మిన మనిషి చెప్పింది ఆ మేరకు అబద్ధం కాకపోవచ్చు. కానీ వెనక ఇరుసు కుంగి, ముందు చక్రాలు తేలిపోయి, స్టీరింగ్ పట్టు తప్పుతుంది. ఫిఫ్త్ వీల్ (పికప్ వెనక తొట్టిలో తగిలించే ట్రైలర్) అయితే ఈ లెక్క ఇంకా కఠినం, తొట్టి మీద పడే పిన్ వెయిట్ 25 శాతం దాకా వెళ్తుంది.

బ్రోషర్‌లోని డ్రై వెయిట్‌తో లెక్క వేయకండి. అది ఖాళీ ట్రైలర్ బరువు. నీళ్లు గ్యాలన్‌కు 8.3 పౌండ్లు, 40 గ్యాలన్ల ట్యాంకు నిండితే 330 పౌండ్లు దాటుతుంది. కొనేటప్పుడు ట్రైలర్ స్టిక్కర్ మీద ఉన్న జీవీడబ్ల్యూఆర్, అంటే నిండుగా ఎక్కించినా దాటకూడని బరువు పట్టుకుని లెక్క కట్టడమే క్షేమం.

కొన్నాక అసలు తూకం ట్రక్ స్టాప్‌లోని క్యాట్ స్కేల్ (లారీలు తూచే కాటా) మీద వేయించాలి. పికప్ ముందు చక్రాలు మొదటి పలక మీద, వెనక చక్రాలు రెండో దాని మీద, ట్రైలర్ చక్రాలు మూడో దాని మీద నిలపాలి. మొదటి తూకానికి సుమారు 15 డాలర్లు, 24 గంటల్లోపు అదే చోట మళ్లీ తూచుకుంటే అందులో కొంతే. ఒకసారి మామూలుగా, ఒకసారి హిచ్ బార్లు వదులు చేసి, ఒకసారి ట్రైలర్ విప్పి పికప్ ఒక్కదాన్నీ తూచండి. బార్లు వదిలినప్పటి పికప్ బరువులోంచి ఒంటి పికప్ బరువు తీసేస్తే నిజమైన టంగ్ వెయిట్ వస్తుంది. మూడుసార్లూ మనుషులందరూ బండిలోనే కూర్చోవాలి. పిల్లలు మధ్యలో దిగిపోతే లెక్క తప్పుతుంది.

టంగ్ వెయిట్ 10 శాతం కన్నా తగ్గితే ట్రైలర్ తోకలా ఊగడం మొదలవుతుంది. నీళ్ల ట్యాంకు వెనక ఉన్నా, వెనక బంపర్‌కి సైకిళ్లు తగిలించినా ఇదే జరుగుతుంది. ఊపు మొదలైతే పికప్ బ్రేకు గట్టిగా తొక్కకూడదు, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పకూడదు. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలి, ట్రైలర్ బ్రేకులను నడిపే బ్రేక్ కంట్రోలర్ మీది మీటను చేత్తో నొక్కి ట్రైలర్ బ్రేకులు మాత్రమే పట్టించాలి. ఆ మీట ఎక్కడుందో కళ్లు రోడ్డు మీద ఉండగానే చేతికి తెలియాలి. గెయిన్, అంటే ట్రైలర్ బ్రేకులు ఎంత గట్టిగా పట్టాలన్న సెట్టింగు సరిచేసుకోవడం కష్టం కాదు. ఖాళీగా ఉన్న చదునైన చోట గంటకు 25 మైళ్ల వేగంలో మీట పూర్తిగా నొక్కండి. ట్రైలర్ చక్రాలు బిగుసుకుని జారితే గెయిన్ కొంచెం తగ్గించండి, బండి ఏమాత్రం ఆగనట్టుంటే పెంచండి. బ్రేక్‌అవే తీగను (ట్రైలర్ ఊడిపోతే దాని బ్రేకులు పట్టించేది) సేఫ్టీ చెయిన్లకు తగిలించేవాళ్లున్నారు, అది తప్పు. చెయిన్ తెగితే తీగా దానితోనే పోతుంది. పికప్‌కే విడిగా కట్టాలి.

దారిలో ట్రైలర్లు ఆగిపోయి కనిపిస్తే ఎక్కువగా టైరు పేలి ఉంటుంది. టైరు పక్కన డాట్ (DOT) అన్న అక్షరాల వరుస చివర నాలుగంకెలు చూడండి: 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. అరుగుదల లేకపోయినా ఐదారేళ్లు దాటితే మార్చేయడమే మేలు, ట్రైలర్ టైరు పరుగు కన్నా నిలబడి ఎండకు ఎక్కువ చస్తుంది. లోడ్ రేంజ్ (టైరు మోసే బరువు తరగతి) "ఈ" (E) అక్షరమున్న టైరుకు గరిష్ఠ గాలి సాధారణంగా 80 పీఎస్‌ఐ, "డీ" (D) అయితే 65. అది చల్లగా ఉన్నప్పుడు, పొద్దున్నే బయలుదేరేముందు కొలవాల్సిన లెక్క. వేడెక్కి పెరిగిందని మధ్యాహ్నం గాలి వదిలేస్తే తెల్లారేసరికి తక్కువ గాలితో పరిగెడతారు, అదే పేలుడుకు దారి. వేగం రేటింగ్ రాసి లేని, ట్రైలర్ల కోసమే చేసే ఎస్‌టీ టైర్లు చాలావరకు 65 మైళ్లకే చేసినవి. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగే బండికి ఎలాగూ 55 మైళ్లే పరిమితి. చక్రం విప్పి బిగించాక 10, 25, 50 మైళ్లు నడిచినప్పుడల్లా ఒకసారి టార్క్ రెంచ్‌తో నట్లు మళ్లీ చూడాలి. బేరింగుల గ్రీజు ఏడాదికో 12,000 మైళ్లకో, ఏది ముందైతే అప్పుడు. ఇరుసు చివర నిపుల్‌లోంచి గ్రీజు గన్‌తో కొట్టేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. గట్టిగా కొడితే వెనక సీల్ దాటి గ్రీజు బ్రేక్ షూల మీద పడుతుంది, ఆ చక్రానికి ఇక బ్రేకు ఉండదు. చక్రం విప్పి, బేరింగు కడిగి, చేత్తో గ్రీజు పెట్టించడమే సరైన పని.

ఇక దిగే చోట్లు. ప్రైవేటు పార్కుల్లో నీళ్లు, కరెంటు, డ్రైనేజీ మూడూ ఉన్న సైటుకు రాత్రికి 50 నుంచి 100 డాలర్లు మామూలైపోయింది. అంత పుచ్చుకుని కూడా కొన్నిచోట్ల కరెంటు స్తంభంలో ప్లగ్గు పెడితే వదులుగా వేలాడుతుంది, లోపలి రేకులు కాలి గోధుమరంగుకు తిరిగి ఉంటాయి. అలాంటి సైటు తీసుకోకండి, ఆఫీసుకు వెళ్లి మార్పించుకోండి. 30 ఆంపియర్ల టీటీ-30 సాకెట్‌లో ఉండాల్సింది 120 వోల్టులు. ఆర్‌వీ వైరింగ్ తెలియని ఎలక్ట్రీషియన్ దాన్ని బట్టల డ్రయర్ సాకెట్ అనుకుని 240 ఇస్తే మైక్రోవేవ్, కన్వర్టర్, టీవీ క్షణాల్లో కాలిపోతాయి. అందుకే ఈఎంఎస్ (వోల్టేజీని కనిపెట్టే ఏర్పాటు) ఉన్న సర్జ్ ప్రొటెక్టర్ ముందు, కేబుల్ తర్వాత. వోల్టేజీ 104 కన్నా తగ్గినా 132 దాటినా కరెంటు ఆపేసే రకం కొనండి. 200 నుంచి 400 డాలర్లు పెట్టినందుకు ఏ మాత్రం బాధపడక్కర్లేదు. 30 ఆంపియర్లంటే మొత్తం 3,600 వాట్లే. ఏసీ 13 ఆంపియర్లు, మైక్రోవేవ్ 12, వాటర్ హీటర్ కరెంటు మీద 12. మూడూ కలిస్తే బ్రేకర్ పడుతుంది, ఎండలో చెమటతో వచ్చిన ఇంటివాళ్ల మూడ్ దాంతోపాటే పడుతుంది. హీటర్‌ను గ్యాస్ మీదికి మార్చితే గొడవ ఉండదు. ట్యాంకులో నీళ్లు లేకుండా హీటర్ కరెంటు స్విచ్ వేస్తే మాత్రం ఎలిమెంట్ వెంటనే కాలిపోతుంది.

కొన్ని పార్కుల్లో నీటి ఒత్తిడి 100 పీఎస్‌ఐ పైన ఉంటుంది, ట్రైలర్ పైపులు దానికి ఓర్వవు. మీటరున్న ఇత్తడి రెగ్యులేటర్ కొళాయికే బిగించి 45 నుంచి 55 మధ్య పెట్టుకోండి.

నేషనల్ పార్కుల్లో రేటు తక్కువ, కొలతల పట్టింపు ఎక్కువ. యోసెమిటీ అప్పర్ పైన్స్‌లో రాత్రికి 36 డాలర్లు, హుకప్పులేవీ (నీళ్లు, కరెంటు, డ్రైనేజీ కనెక్షన్లు) ఉండవు. ఆర్‌వీకే ఇంజిను ఉంటే 35 అడుగులు, ట్రైలర్ అయితే 24 అడుగులకు మించి రానివ్వరు. గ్లేసియర్‌లో గోయింగ్ టు ద సన్ రోడ్డు మీద అవలాంచ్, రైజింగ్ సన్‌ల మధ్య 21 అడుగులు దాటిన బండికి దారి లేదు. అద్దాలతో సహా వెడల్పు 8 అడుగులు మించకూడదు. అంత దూరం వెళ్లి వెనక్కి తిరిగొచ్చే కుటుంబం ముఖాలు చూస్తే జాలేస్తుంది. ట్రైలర్ క్యాంప్‌లో వదిలి చిన్న బండిలోనో షటిల్‌లోనో వెళ్లండి. 62 ఏళ్లు నిండిన పౌరులకూ శాశ్వత నివాసులకూ 80 డాలర్ల జీవితకాలపు సీనియర్ పాస్ ఉంది. చాలా ఫెడరల్ క్యాంప్‌గ్రౌండ్లలో దానితో రుసుము సగమే. అమ్మానాన్నలు గ్రీన్‌కార్డు మీద వచ్చి ఉంటే వాళ్ల పేరున తీసుకోవడం మర్చిపోకండి.

సైటులోకి వెనక్కి పెట్టేటప్పుడు వినపడే కేకలు ఏ క్యాంప్‌గ్రౌండ్‌లోనైనా ఒకటే. "ఎడమకి!" అంటే ట్రైలర్ ఎడమా, స్టీరింగ్ ఎడమా? దిగి నిలబడ్డ మనిషి "డ్రైవర్ వైపు", "ప్యాసింజర్ వైపు" అని మాత్రమే అనాలి, అదీ ఫోన్ కాల్‌లో, మామూలు గొంతుతో. నడిపేవాళ్లు స్టీరింగ్‌ను కింది వైపు పట్టుకుంటే చెయ్యి ఎటు జరిగితే ట్రైలర్ వెనక భాగం అటే వెళ్తుంది. అద్దంలో మనిషి కనపడకపోతే వెంటనే ఆపేయాలి. ఆ సమయంలో పక్క సైటువాళ్లు సాయానికి వచ్చి మూడో గొంతు కలపడం మర్యాద కాదు, అడిగితేనే వెళ్లాలి.

మురికి నీటి ట్యాంకుల విషయంలో బద్ధకం పనికిరాదు. డ్రైనేజీకి కలిపాం కదా అని బ్లాక్ ట్యాంక్ (మరుగుదొడ్డిది) వాల్వ్ తెరిచి ఉంచితే నీళ్లు జారిపోయి మలం గడ్డకట్టి కూర్చుంటుంది. వాల్వ్ మూసే ఉంచి, మూడింట రెండొంతులు నిండాక ముందు బ్లాక్, తర్వాత గ్రే (సింకు, స్నానం నీళ్ల ట్యాంకు) వదలాలి. సబ్బు నీళ్లు గొట్టాన్ని కడిగేస్తాయి. ఖాళీ అయ్యాక బ్లాక్ ట్యాంకులో రెండు మూడు గ్యాలన్ల నీళ్లు పోసి ఉంచండి. డంప్ స్టేషన్లో (ట్యాంకులు ఖాళీ చేసే చోటు) కడుగుడు గొట్టం వేరు, తాగునీటి కొళాయి వేరు. ఆ గొట్టాన్ని తాగే కొళాయికి తాకించేవాళ్లను మర్యాదగానే అయినా ఆపాల్సిందే.

పాత ట్రైలర్ కొనేటప్పుడు లోపలి సోఫాలు కాదు, నిచ్చెన వేసి కప్పు చూడండి. వెంట్‌ల చుట్టూ, అంచుల వెంట సీలెంట్ పగుళ్లిచ్చిందంటే నీళ్లు చెక్కలోకి దిగుతున్నట్టే. మూలల్లో గోడను బొటనవేలితో నొక్కండి, మెత్తగా లోపలికి పోతే బేరం ఆపేయండి. రబ్బరు కప్పుకు దానికి తగిన సెల్ఫ్ లెవలింగ్ లాప్ సీలెంట్ వాడాలి. హార్డ్‌వేర్ షాపులో దొరికే సిలికాన్ పూస్తే ఆ తర్వాత దాని మీద ఏదీ అంటదు. ఏడాదికి కనీసం రెండుసార్లు కప్పెక్కి చూసే ఓపిక లేనివాళ్లు ఆర్‌వీ అద్దెకు తీసుకోవడం నయం.

తోటివాళ్ల నుంచి నేర్చుకోవాలనుకుంటే శీతాకాలంలో అరిజోనాలోని క్వార్ట్‌జ్‌సైట్ వెళ్లండి. ఊరి పక్కన లా పోసాలో ఫెడరల్ భూములు చూసే బీఎల్‌ఎం వారి లాంగ్ టర్మ్ విజిటర్ ఏరియా ఉంది. సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఉండటానికి 180 డాలర్లు, 14 రోజులకైతే 40. సైటులో కరెంటు, నీళ్లు ఉండవు, డంప్ స్టేషన్, నీళ్లు నింపుకునే చోటు మాత్రం ఉన్నాయి. సోలార్ వైరింగ్, బ్యాటరీలు, బేరింగులు సొంతంగా చేసుకునే పెద్దవాళ్లు అక్కడ దండిగా ఉంటారు, అడిగితే ఓపిగ్గా చూపిస్తారు. ఏడాదంతా రోడ్డు మీదే ఉండేవాళ్లకు 1978లో మొదలైన ఎస్కేపీస్ క్లబ్ బాగా పనికొస్తుంది. టెక్సస్‌లోని లివింగ్‌స్టన్‌లో వాళ్ల ఉత్తరాల సర్వీసు ఉంది. స్మార్ట్‌వే అనే వాళ్ల తూకంలో ప్రతి చక్రానికీ విడిగా బరువు చూపిస్తారు. ఇది క్యాట్ స్కేల్ ఇవ్వలేని సమాచారం, వంటగదీ స్లైడవుటూ (గోడలోంచి బయటికి జరిగే భాగం) ఒకే వైపున్న ట్రైలర్లకు తప్పక తీసుకోవాల్సింది.